ఐర్లండ్‌ను విడిపించింది తుపాకులా, ఊరూరా వెలసిన న్యాయస్థానాలా?

శ్రీనివాస్_రాజమండ్రి:

మిత్రులకు నమస్కారం. ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటం మాట వచ్చినప్పుడు మనలో చాలామంది 1916 ఈస్టర్ తిరుగుబాటుతో మొదలుపెట్టి, మైకేల్ కాలిన్స్ నడిపిన రహస్య దళాల మీదుగా బ్రిటన్‌తో కుదిరిన 1921 డిసెంబరు 6 నాటి ఒప్పందానికి వచ్చి ఆగిపోతారు. ఆ కథనంలో తుపాకి పట్టినవాడు తప్ప మరొకడు కనిపించడు. అంతకంటె లోతైన పని 1919, 1920 సంవత్సరాలలో పల్లెల్లో జరిగిందని నా నమ్మకం.

1918 డిసెంబరు ఎన్నికలలో ఐర్లండ్‌కు కేటాయించిన 105 స్థానాలలో 73 గెలుచుకున్న షిన్ ఫెయిన్ పక్షం, తన సభ్యులను లండన్ పార్లమెంటుకు పంపకుండా, 1919 జనవరి 21న డబ్లిన్‌లోని మాన్షన్ హౌస్‌లో సమావేశపరచి, ఇదే ఐర్లండ్ శాసనసభ అని ప్రకటించింది. దాని పేరు డాల్. గెలిచినవారిలో దాదాపు సగం మంది జైళ్లలో ఉండడం వల్ల మొదటి రోజు సభకు ముప్పై మందైనా రాలేదు. అలాంటి సభ ఏడాదిన్నర తిరిగేసరికి మంత్రిత్వ శాఖలు నడిపింది, కాలిన్స్ ఆర్థిక మంత్రిగా దేశంలోని ప్రజల దగ్గరే సుమారు 3 లక్షల 70 వేల పౌండ్ల రుణం సేకరించింది, పల్లె స్థాయి నుంచి పైదాకా న్యాయస్థానాలు నెలకొల్పింది. గట్టు తగాదా వచ్చిన రైతు బ్రిటిష్ మేజిస్ట్రేటు దగ్గరకు పోవడం మానేసి ఈ న్యాయస్థానాలకు రావడం మొదలుపెట్టాడు.

1920లో మేయో జిల్లా బాలిన్‌రోబ్‌లో జరిగిన ఒక విచారణను చూడండి. పెద్ద పొలాన్ని తమకు పంచి ఇవ్వాలని చిన్న రైతులు అడిగారు. వాళ్లు ఉద్యమానికి కావలసినవాళ్లే, న్యాయస్థానమూ ఉద్యమానిదే. అయినా తీర్పు వాళ్లకు వ్యతిరేకంగా వచ్చింది. కొందరు దానికి లొంగకపోయేసరికి, ఆ న్యాయస్థానం పక్షాన వాలంటీర్లు, అంటే ఉద్యమపు సాయుధ దళం వాళ్లు, ఆ రైతులను పట్టుకుని కారిబ్ సరస్సులోని ఒక దీవిలో నిర్బంధించారు. తనవాళ్ల మీద కూడా తీర్పు అమలు చేయగలిగిన నాడే అది ప్రభుత్వమైంది. దీని గురించి సభ్యుల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

వేణు_ఖమ్మం:

శ్రీనివాస్ గారూ, మీరు చెప్పిన ఉదాహరణలోనే నా సమాధానం ఉంది. ఆ రైతులను దీవికి తరలించినవాళ్లు ఎవరు? వాలంటీర్లు. పోలీసులు వచ్చి వాళ్లను అడ్డుకోకపోవడానికి కారణం ఏమిటి? పల్లెల్లో పోలీసు లేకుండా పోవడం.

రాయల్ ఐరిష్ కానిస్టేబులరీ అంటే లాఠీ పట్టుకు తిరిగే మామూలు పోలీసు కాదు. ఊరూరా చిన్న చిన్న ఠాణాలలో తుపాకులతో కాపురముండి, ఏ ఇంటికి ఎవరు వచ్చారో, ఎవరు ఏ సభకు వెళ్లారో బ్రిటిష్ పాలనకు కేంద్రమైన డబ్లిన్ కోటకు రాసి పంపే యంత్రాంగం అది. డాల్ తొలిసారి కూర్చున్న రోజే టిప్పరరీ జిల్లా సొలోహెడ్‌బెగ్ దగ్గర గని మందుగుండు బండికి కాపలాగా వస్తున్న ఇద్దరు పోలీసులను దాన్ బ్రీన్, షాన్ ట్రేసీ బృందం కాల్చి చంపింది. ఆ తరువాత ఏడాది పొడవునా దాడులు జరిగాయి. మారుమూల ఠాణాలను నిలబెట్టుకోలేక పోలీసులు వాటిని ఖాళీ చేసి పట్టణాలకు చేరారు. 1920 ఈస్టర్ వేళ ఒకేసారి, అలా ఖాళీ అయిన దాదాపు 300 ఠాణాలను ఐ.ఆర్.ఏ. (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ, ఆ వాలంటీర్ల దళమే) తగులబెట్టింది. ఆదాయపు పన్ను కార్యాలయాలూ అప్పుడే కాలాయి. మీరు చెప్పే న్యాయస్థానాలు ఊపందుకున్నది ఆ తరువాతి వేసవిలోనే అన్న సంగతి గమనించండి.

డాల్ రుణం సంగతీ అంతే. ఆ సొమ్ము ఏ బ్యాంకుల్లో దాగి ఉందో కూపీ లాగుతున్న అలన్ బెల్ అనే మేజిస్ట్రేటును 1920 మార్చిలో కాలిన్స్ మనుషులు ట్రాము నుంచి దించి కాల్చేశారు. వినడానికి బాధగానే ఉంటుంది. అయితే ఆ రుణం నిలిచింది అందువల్లనే. తుపాకి లేకపోతే ఆ న్యాయస్థానాలు నెల రోజులైనా సాగేవి కావు.

లలిత_గుంటూరు:

ఇద్దరి వాదాల్లోనూ సత్యం ఉంది. కానీ ఇద్దరూ 1919 నుంచి మొదలుపెట్టారు. న్యాయస్థానానికి వెళ్లే రైతైనా, దళానికి అన్నం పెట్టి దాచిన తల్లైనా, అలా చేయడానికి సిద్ధపడిన కారణం ఇంకా వెనుక ఉంది. కళాశాలలో ప్రపంచ చరిత్ర పాఠం చెప్పేటప్పుడు నేను విద్యార్థులను ముందుగా 1841 జనాభా లెక్కల దగ్గరకు తీసుకెళ్తాను. ఆనాడు ఐర్లండ్ జనాభా 80 లక్షల పైమాటే. 1845లో బంగాళదుంప పంటకు తెగులు సోకింది. కౌలు కట్టడానికి ధాన్యం, వెన్న, పశువులు అమ్ముకుని, తాము మాత్రం దుంప తిని బతికే నిరుపేదలకు ఆ దుంప కూడా లేకుండా పోయింది. తరువాతి కొద్ది ఏళ్లలో ఆకలితోనూ జ్వరాలతోనూ పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కారు. ఆ కాలంలోనే ఐర్లండ్ రేవుల నుంచి ఆహార పదార్థాలు ఇంగ్లండుకు ఎగుమతి అవుతూ వచ్చాయి. కౌలు కట్టలేనివాళ్ల ఇళ్ల కప్పులు పడగొట్టి కుటుంబాలను రోడ్డున పడేశారు. కరవుల సమయంలో మన దేశంలోనూ ఇదే తరహా పాలన సాగింది కనుక, ఇందులోని క్రూరత్వం మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ జ్ఞాపకం నుంచి పుట్టిందే 1879 నాటి లాండ్ లీగ్. మైకేల్ డేవిట్, పార్నెల్ నాయకత్వంలో కౌలుదార్లు అధిక కౌళ్లు కట్టబోమన్నారు. ఒక కుటుంబాన్ని వెళ్లగొట్టి ఖాళీ చేయించిన భూమిని మరొకరు తీసుకోరాదని కట్టుబాటు చేసుకున్నారు. 1880లో మేయో జిల్లాలో భూస్వామి ఏజెంటు కెప్టెన్ బాయ్‌కాట్‌కు ఊరు ఊరంతా ఎలా ఎడమైపోయిందో అందరికీ తెలిసిన విషయమే. అతని పంట కోయడానికి ఉత్తర ప్రాంతమైన అల్‌స్టర్ నుంచి యాభై మంది వస్తే, వాళ్లకు కాపలాగా సుమారు వెయ్యి మంది సైనికులు, పోలీసులు వచ్చారు. దాదాపు 500 పౌండ్ల పంటను ఇంటికి చేర్చడానికి అయిన ఖర్చు 10,000 పౌండ్లని అంచనా. శ్రీనివాస్ గారు 1920లో చూసిన క్రమశిక్షణకు నలభై ఏళ్ల సాధన ఉంది.

ఇక చట్టబద్ధమైన మార్గం సంగతి. స్వపరిపాలన బిల్లు 1886లో ఓడిపోయింది, 1893లో ప్రభువుల సభలో వీగిపోయింది, 1914 సెప్టెంబరులో చట్టమై అదే రోజు యుద్ధం పేరుతో అటకెక్కింది. మూడు దశాబ్దాలు ఓపికగా పార్లమెంటులో కూర్చున్న పక్షం ప్రజలకు చూపించుకోవడానికి చేతిలో ఏమీ మిగలలేదు. అయినప్పటికీ 1916 ఏప్రిల్ 24న తిరుగుబాటు నాయకుడు పియర్స్ డబ్లిన్ పోస్టాఫీసు ముందు నిలబడి గణతంత్ర ప్రకటన చదివితే జనం పెద్దగా స్పందించలేదు. వారం తిరక్కుండా నగరం నడిబొడ్డు బూడిదైంది. చనిపోయిన సుమారు 485 మందిలో సగానికి పైగా ఏ పక్షానికీ చెందని సామాన్యులు. తిరుగుబాటుదారులను ఖైదుకు నడిపిస్తుంటే వీధుల్లో కొందరు తిట్టిపోశారు కూడా. ఆ జనం మనసు మార్చినవాడు బ్రిటిష్ సేనాని జనరల్ మాక్స్‌వెల్. మే 3 నుంచి 12 దాకా, మూసిన తలుపుల వెనుక సైనిక విచారణలు జరిపి, రోజుకు కొందరిని చొప్పున కాల్పించాడు. తిరుగుబాటుదారులు సాధించలేని దాన్ని ఆ పది రోజులు సాధించాయి. 1918 ఏప్రిల్‌లో నిర్బంధ సైనిక సేవను ఐర్లండ్‌కు విస్తరించబోయినప్పుడు బిషప్పులు, కార్మిక సంఘాలు, అన్ని జాతీయ పక్షాలు ఒక్కటై ఎదిరించాయంటే, ఆ ఎన్నికల్లో 73 స్థానాలు వచ్చాయంటే, పునాది అక్కడ పడింది.

రవికిరణ్_డబ్లిన్:

లలిత గారు మాక్స్‌వెల్ సంగతి చెప్పారు కాబట్టి నేను చూసిన చోటు గురించి రాస్తాను. ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాళ్లం బంధువులు వచ్చినప్పుడల్లా కిల్‌మైనం జైలుకు తీసుకెళ్తుంటాం. ఖైదీల చేత రాళ్లు కొట్టించిన పెరడు ఒకటి ఉంది. నాలుగు వైపులా ఎత్తైన బూడిదరంగు గోడలు, కింద కంకర. అందులో రెండు నల్ల శిలువలు పాతారు. ఒకటి పెరడు ఒక చివర, పదమూడు మందిని కాల్చిన చోట. రెండోది అటు చివర, గేటు పక్కన. అది తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన జేమ్స్ కనోలీది. పోస్టాఫీసు పోరులో చీలమండ ఛిద్రమై ఆయన నిలబడలేని స్థితిలో ఉన్నాడు. మే 12న ఆసుపత్రి నుంచి అంబులెన్సులో తెచ్చి, పెరడు అవతలి చివరకు మోసుకుపోవడం కూడా కష్టమని, గేటులోంచి లోపలికి రాగానే కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. రెండు శిలువల మధ్య దూరం కళ్లతో చూసినవాళ్లకు, ఐర్లండ్ ఎందుకు తిరగబడిందో వేరే వివరణ అవసరం ఉండదని నేను అనుకుంటాను.

అదే జైలు ప్రార్థనామందిరంలో, మే 4 తెల్లవారుజామున కాల్చబోయే జోసెఫ్ ప్లంకెట్‌కు, అంతకు కొన్ని గంటల ముందు గ్రేస్ గిఫర్డ్‌తో పెళ్లి జరిగింది.

మరొక్క విషయం. గణతంత్ర ప్రకటనను కార్మిక సంఘం భవనమైన లిబర్టీ హాల్‌లో ఒక పాత యంత్రం మీద అచ్చువేశారు. మొత్తం కూర్చడానికి సరిపడా అక్షరాలు లేకపోవడంతో ముందు పై సగం కూర్చి అచ్చువేసి, ఆ అక్షరాలే విప్పి కింది సగం కూర్చారు. ఒకచోట అక్షరం తక్కువైతే మరో అక్షరానికి లక్క అంటించి సరిపెట్టారు. మిగిలి ఉన్న ప్రతులను మ్యూజియంలో దగ్గరగా చూస్తే రెండు సగాలకు మధ్య తేడా తెలుస్తుంది. స్త్రీపురుషులిద్దరినీ సంబోధిస్తూ మొదలై, అందరికీ సమాన హక్కులు, సమాన అవకాశాలు హామీ ఇచ్చిన పత్రం అది. బ్రిటన్‌లో ఆడవాళ్లకు అప్పటికి ఓటు లేదు.

భాస్కరరావు_విశాఖ:

రైల్వేలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడిగా, ఈ చర్చలో ఇప్పటిదాకా ఎవరూ ప్రస్తావించని ఒక అధ్యాయం గురించి రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

1920 మే నెలలో డబ్లిన్ రేవు కార్మికులు బ్రిటిష్ సైన్యానికి వచ్చిన ఆయుధాల ఓడను దించబోమన్నారు. అదే నెలలో లండన్ రేవు కార్మికులు పోలండ్‌కు ఆయుధాలు తీసుకెళ్లే ఓడను ఎక్కించ నిరాకరించడం వాళ్లకు ఆదర్శమైంది. వెంటనే రైల్వే కార్మికులూ ఆ బాట పట్టారు. ఆయుధాలున్న బండిని గానీ, ఆయుధాలు పట్టిన సైనికులు ఎక్కిన బండిని గానీ నడపబోమన్నారు. ఈ సమ్మె ఎంత పదునైనదో రైల్వే మనిషికే బాగా తెలుస్తుంది. బండి ప్లాట్‌ఫారం మీద నిలిచి ఉంటుంది. సైనికులు పెట్టెలో కూర్చుంటారు. డ్రైవరు కిందికి దిగి, వాళ్లు దిగేదాకా నేను కదలనంటాడు. మామూలు ప్రయాణికులు గంటల తరబడి కూర్చుని కూడా డ్రైవరును పల్లెత్తు మాట అనరు. కంపెనీ అతన్ని పనిలోంచి తీసేస్తుంది, వచ్చిన గార్డు కూడా అదే మాట అంటాడు. ఆరు నెలలకు పైగా ఇలా సాగింది. వెయ్యి మందికి పైగా జీవనాధారం పోగొట్టుకున్నారు. వాళ్ల కుటుంబాల కోసం ఊరూరా చందాలు పోగయ్యాయి. డిసెంబరులో, మొత్తం రైళ్లే ఆపేస్తామని ప్రభుత్వం బెదిరించాక సమ్మె ముగిసింది. కానీ ఆ వేసవి అంతా సైన్యం లారీల్లో, రోడ్ల మీద తిరగవలసి వచ్చింది. రోడ్ల మీద మాటువేసినవాళ్లెవరో వేణు గారు చెప్పారు. కాబట్టి తుపాకి, న్యాయస్థానం అని రెండే గడులు గీయకండి, మూడోది ఇంజనులోంచి దిగిన డ్రైవరుది.

మన వి.వి. గిరి గారు ఈ వాతావరణంలోనే తయారయ్యారు. బరంపురంలో పుట్టిన ఆ తెలుగు యువకుడు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ చేరాడు. ఆ ఏడే డబ్లిన్‌లో యజమానులు కార్మిక సంఘ సభ్యులను వేల సంఖ్యలో లాకౌట్ చేశారు. లార్కిన్, కనోలీ నడిపిన ఆ పోరాటంలోంచే కార్మికులను కాపాడుకోవడానికి సిటిజన్ ఆర్మీ పుట్టింది. తిరుగుబాటుదారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో 1916లో అధికారులు గిరి గారిని దేశం విడిచిపొమ్మన్నారు. ఇక్కడికి వచ్చాక ఆయన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కార్మిక సంఘాన్ని నిర్మించారు. ఆ లైను మా వాల్తేరు దాకా వచ్చేది. రాష్ట్రపతి అయ్యాక కూడా ఆయన తన ఐర్లండ్ రోజులను గౌరవంగా తలచుకునేవారు.

నజీర్_హైదరాబాద్:

అందరూ ఐర్లండ్ ప్రజలు అని ఏకవాక్యంగా మాట్లాడుతున్నారు. భాస్కరరావు గారు చెప్పిన సమ్మెకు ఈశాన్యంలో ఆదరణ ఎందుకు కరవైందో, నిర్బంధ సైనిక సేవకు వ్యతిరేకంగా 1918 ఏప్రిల్ 23న దేశమంతా బంద్ పాటించిన రోజున బెల్‌ఫాస్ట్ ఎందుకు పనిచేసుకుందో కూడా చెప్పుకోవాలి.

17వ శతాబ్దం తొలినాళ్లలో స్కాట్లండ్, ఇంగ్లండుల నుంచి తెచ్చి అల్‌స్టర్ భూముల్లో నిలిపిన ప్రొటెస్టెంటు కుటుంబాల సంతతి అక్కడ మూడు వందల ఏళ్లుగా బతుకుతోంది. వాళ్ల నార మిల్లులకు, ఓడల కర్మాగారాలకు సామ్రాజ్యమే అంగడి. డబ్లిన్‌లో కేథలిక్ ఆధిక్యంలో ఏర్పడే ప్రభుత్వం కింద తమ మతానికీ జీవనోపాధికీ భద్రత ఉండదని వాళ్లు నిజంగానే భయపడ్డారు. 1912 సెప్టెంబరు 28న స్వపరిపాలనకు వ్యతిరేకంగా ప్రతిజ్ఞాపత్రాల మీద సంతకాలు చేసిన స్త్రీపురుషులు నాలుగున్నర లక్షల పైమాటే. 1913లో వాళ్లే ముందుగా అల్‌స్టర్ వాలంటీర్ దళాన్ని స్థాపించారు, 1914 ఏప్రిల్‌లో జర్మనీ నుంచి తెచ్చిన వేలాది తుపాకులను లార్న్ రేవులో దించుకున్నారు. వాళ్ల మీదికి వెళ్లవలసి వస్తే రాజీనామా చేస్తామని అదే ఏడాది మార్చిలో కరా శిబిరంలోని బ్రిటిష్ సైనికాధికారులు అన్నారు. చట్టసభలో ఓడినవాళ్లు ఆయుధంతో చట్టాన్ని ఆపవచ్చునన్న పాఠం ఐర్లండ్‌లో మొదట నేర్పింది వీళ్లు, వాళ్లను ఏమీ అనక ఊరుకున్నది ప్రభుత్వం. డబ్లిన్ యువకులు ఆ పాఠాన్ని శ్రద్ధగా చదివారు.

ఇక శ్రీనివాస్ గారు మెచ్చుకున్న డాల్ ఈ ప్రజలకు చేసిందేమిటి? 1920 జూలైలో బెల్‌ఫాస్ట్ ఓడల కర్మాగారాల నుంచి వేలాది కేథలిక్ కార్మికులను తరిమేస్తే, బదులుగా డాల్ బెల్‌ఫాస్ట్ సరుకులను బహిష్కరించింది. రెండు వైపులా గోడ ఎత్తు పెరిగిందే తప్ప పని కోల్పోయిన కార్మికుడికి పని దొరకలేదు. ఇక విభజన దగ్గరకు వస్తే, తొమ్మిది అల్‌స్టర్ జిల్లాలు కలుపుకుంటే తమ మెజారిటీ పలచనవుతుందని ప్రొటెస్టెంటు నాయకులు ఆరు జిల్లాలే కోరుకున్నారు. వాటిలోనూ టిరోన్, ఫెర్మానాలలో జాతీయవాదులే ఎక్కువ. 1921 జూన్ 22న ఐదవ జార్జి బెల్‌ఫాస్ట్ వచ్చి ఉత్తర ఐర్లండ్ పార్లమెంటును ప్రారంభించాడు. కాల్పుల విరమణ జరిగింది జూలై 11న. అంటే చర్చలకు కూర్చునే నాటికే దేశ విభజన పూర్తయిపోయింది. విభజన చూసిన ఉపఖండంలో పుట్టినవాళ్లం, ఆ తేదీల వరుసను తేలికగా దాటిపోలేం.

శ్రీనివాస్_రాజమండ్రి:

నజీర్ గారూ, మీరు చెప్పినది డాల్ వైఫల్యాలలో కెల్లా పెద్దది. నేను న్యాయస్థానాల గురించి చెప్పినదంతా దక్షిణ, పశ్చిమ జిల్లాలకే వర్తిస్తుంది. తమను ఒప్పుకోని పది లక్షల మందిని ఏం చేయాలన్న ప్రశ్నకు షిన్ ఫెయిన్ దగ్గర సమాధానం లేదు. ఒప్పందం మీద డాల్‌లో జరిగిన సుదీర్ఘ చర్చల్లో కూడా రాజుకు చేయవలసిన విధేయతా ప్రమాణం గురించే ఎక్కువ వాదించుకున్నారు, సరిహద్దు గురించి చాలా తక్కువ మాట్లాడారు.

అరుణ_మదనపల్లె:

గణతంత్ర ప్రకటన స్త్రీలనూ సంబోధించిందని రవికిరణ్ గారు రాశారు. అది ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1908లో డబ్లిన్‌లో ఐర్లండ్ మహిళల ఓటుహక్కు సంఘాన్ని స్థాపించినవారిలో మార్గరెట్ కజిన్స్ ఒకరు. కిటికీ అద్దాలు పగలగొట్టి లండన్ హాలోవే జైలులోనూ, తరువాత ఐర్లండ్ టల్లమోర్ జైలులోనూ శిక్ష అనుభవించారు. 1915లో భర్త జేమ్స్ కజిన్స్‌తో కలిసి మద్రాసు చేరారు. జేమ్స్ అనీబిసెంట్ పత్రికలో పనిచేస్తూ, ఈస్టర్ తిరుగుబాటును సమర్థిస్తూ రాసినందుకు అక్కడి ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. అలా వాళ్లు మా ఊరి దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చారు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలో బస చేసినప్పుడు జనగణమనకు స్వరలిపి రాసిన మార్గరెట్ ఈవిడే. ఊళ్లో ఆమెను ఆ పాటతోనే గుర్తుపెట్టుకున్నాం. డబ్లిన్ వీధుల్లో ఆమె చేసిన పోరాటం కూడా పిల్లలకు చెప్పాలని నేను ఎప్పటినుంచో కోరుకుంటున్నాను.

తిరుగుబాటులో ఆడవాళ్ల పాత్రకు ఒక్క ఉదాహరణ. 1916 ఏప్రిల్ 29న గుండ్ల వాన మధ్య తెల్లజెండా పట్టుకుని బ్రిటిష్ సైన్యం దగ్గరకు నడిచి వెళ్లి లొంగుబాటు కబురు అందించింది ఎలిజబెత్ ఓ’ఫారెల్ అనే నర్సు. పియర్స్ లొంగిపోతున్న ఫొటోలో ఆయన పక్కనే నిలబడింది. ఆ ఫొటోలో కనిపించేది ఆమె పాదాలు, దుస్తుల అంచు మాత్రమే. తరువాత అచ్చయిన కొన్ని ప్రతులలో ఆ పాదాలను కూడా చెరిపేశారు. స్వతంత్ర ఐర్లండ్ తన స్త్రీలతో ఎలా వ్యవహరించిందో తెలిసినవాళ్లకు ఇది మనసు కలచివేసే విషయం.

వేణు_ఖమ్మం:

అరుణ గారికి ధన్యవాదాలు. భారత సంబంధం మాట వచ్చింది కాబట్టి టెరెన్స్ మాక్‌స్వీనీ గురించి చెప్పకుండా ఈ చర్చ ముగియకూడదు. కార్క్ నగర మేయరు టామస్ మాక్‌కర్టెన్‌ను 1920 మార్చి 20న ముఖాలకు మసిపూసుకున్న మనుషులు ఇంట్లోనే కాల్చి చంపారు. విచారణ చేసిన జ్యూరీ ఆ నేరాన్ని పోలీసుల మీదే మోపింది. ఆయన స్థానంలో మేయరైన మాక్‌స్వీనీ, ఎక్కువ బాధ పెట్టగలిగినవాళ్లు గెలవరు, ఎక్కువ బాధ ఓర్చుకోగలిగినవాళ్లే గెలుస్తారని పదవి చేపట్టిన రోజునే అన్నాడు. ఆగస్టులో అరెస్టయి, లండన్ బ్రిక్స్‌టన్ జైలులో 74 రోజులు నిరాహార దీక్ష చేసి అక్టోబరు 25న ప్రాణం విడిచాడు. 1929లో లాహోర్ జైలులో 63 రోజుల దీక్షతో జతీంద్రనాథ్ దాస్ అమరుడైనప్పుడు మాక్‌స్వీనీ కుటుంబం సంతాపం, గర్వం రెండూ తెలుపుతూ తంతి పంపింది.

మాక్‌స్వీనీ మేయరూ, కార్క్ ఐ.ఆర్.ఏ. దళనాయకుడూ, జైల్లో ఏ ఆయుధమూ లేని దీక్షాపరుడూ. మనం గీస్తున్న గీతలు ఆయన జీవితంలో కనిపించవు.

పంజాబ్‌లోనూ దీని జాడ ఉంది. జలంధర్‌లో ఉన్న కన్నాట్ రేంజర్స్ దళంలోని ఐరిష్ సైనికులు, సొంతగడ్డ మీద బ్లాక్ అండ్ ట్యాన్స్ (పోలీసులో కొత్తగా చేర్చిన బ్రిటిష్ మాజీ సైనికులు) చేస్తున్న అకృత్యాల వార్తలు విని, 1920 జూన్ 28న ఆయుధాలు దించి, ఇక ఈ రాజు కొలువు చేయబోమన్నారు. ఆ తిరుగుబాటు సోలన్‌కూ పాకింది. అక్కడ దానికి నాయకుడైన జేమ్స్ డేలీని నవంబరు 2న దగ్‌షాయ్ జైలులో కాల్చి చంపారు.

లలిత_గుంటూరు:

వేణు గారూ, ఆ పేజీకి అవతలి వైపు కూడా చూడాలి. జలియన్‌వాలాబాగ్ నాటి పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ మైకేల్ ఓ’డ్వయర్ టిప్పరరీకి చెందిన కేథలిక్ ఐరిష్‌వాడు. సొలోహెడ్‌బెగ్ కాల్పులు జరిగిన జిల్లా అదే. సామ్రాజ్యపు సైన్యంలో, పోలీసులో, సివిల్ సర్వీసులో ఐరిష్‌వాళ్లు అన్ని మెట్ల మీదా ఉన్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో రెండు లక్షల మందికి పైగా బ్రిటిష్ సైన్యంలో పనిచేశారు. వేణు గారు చెప్పిన ఆ రాయల్ ఐరిష్ కానిస్టేబులరీలో మామూలు జవాన్లు ఎక్కువమంది కేథలిక్ రైతుబిడ్డలే. సాటి గ్రామస్థులు పలకరించకపోవడం, అంగట్లో సరుకు ఇవ్వకపోవడం వల్లనే వాళ్లలో వందల మంది రాజీనామా చేశారు. ఆ ఖాళీలు నింపడానికే బ్రిటన్‌లో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులను చేర్చుకుని పంపారు. బ్లాక్ అండ్ ట్యాన్స్ వాళ్లే.

1920 నవంబరు 21 ఆదివారం ఉదయం కాలిన్స్ మనుషులు డబ్లిన్‌లో బ్రిటిష్ గూఢచారి అధికారుల బసల మీద దాడిచేసి పన్నెండు మందికి పైగా చంపారు. మధ్యాహ్నం క్రోక్ పార్క్ మైదానంలో ఫుట్‌బాల్ పోటీ చూస్తున్న జనం మీద పోలీసు బలగాలు కాల్పులు జరిపాయి. చనిపోయిన 14 మందిలో టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్‌తో పాటు 10, 11, 14 ఏళ్ల పిల్లలు ముగ్గురు ఉన్నారు. బ్రిటిష్ ప్రజాభిప్రాయం సొంత ప్రభుత్వాన్ని చూసి సిగ్గుపడడం ఇలాంటి ఘటనల తరువాతే బలపడింది. 1921 వేసవిలో బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జిని చర్చలకు దింపిన వాటిలో ఆ సిగ్గుకు నేను పెద్ద స్థానం ఇస్తాను. ఐ.ఆర్.ఏ. దగ్గర అప్పటికి తూటాలు కొరతగా ఉన్నాయి. సైన్యాన్ని గెంటివేసే శక్తి దానికి లేదు.

రవికిరణ్_డబ్లిన్:

కెర్రీ జిల్లాలో ట్రలీ పట్టణానికి దగ్గరగా బాలీసీడీ అనే చోట రోడ్డు పక్కన ఒక స్మారకం ఉంది. మొదటిసారి చూసినప్పుడు బ్రిటిష్ సైన్యం చేసిన పని అనుకుంటారు. 1923 మార్చి 7న తొమ్మిది మంది ఖైదీలను ఒకే తాడుతో కట్టి, మధ్యలో మందుపాతర పెట్టి పేల్చింది స్వతంత్ర ఐర్లండ్ సైనికులు. ఖైదీలు ఒప్పందాన్ని వ్యతిరేకించిన ఐ.ఆర్.ఏ. వాళ్లు. ఎనిమిది మంది చనిపోయారు. స్టీఫెన్ ఫుల్లర్ పేలుడు ఊపుకు దూరంగా పడి బతికాడు, తరువాతి కాలంలో డాల్ సభ్యుడు కూడా అయ్యాడు.

1922 జనవరి 7న డాల్ ఒప్పందాన్ని 64–57 ఓట్లతో ఆమోదించింది. జూన్ 28న, ఒప్పంద వ్యతిరేకులు తిష్ఠవేసిన డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ భవనం మీద ఫిరంగుల మోతతో అంతర్యుద్ధం మొదలైంది. రెండు రోజులకు అక్కడి ప్రభుత్వ పత్రాల భాండాగారం పేలిపోయి శతాబ్దాల రికార్డులు మంటల్లో కలిశాయి. తాతముత్తాతల వివరాలు వెతుక్కునే ఐరిష్ కుటుంబాలకు ఈనాటికీ ఆ నష్టం తగులుతూనే ఉంటుంది. ఆగస్టు 22న కాలిన్స్ సొంత జిల్లాలోనే మాటుదాడిలో మరణించాడు. కొత్త ప్రభుత్వం అధికారికంగా 77 మందికి మరణశిక్ష అమలు చేసింది. డిసెంబరు 8న విచారణ లేకుండా కాల్చిన నలుగురిలో ఒకడైన రోరీ ఓ’కానర్, ఆ నిర్ణయంలో పాలుపంచుకున్న మంత్రి కెవిన్ ఓ’హిగిన్స్ పెళ్లిలో తోడుపెళ్లికొడుకు. ఆ పెళ్లి జరిగింది అంతకు ముందు ఏడాదే.

నజీర్_హైదరాబాద్:

శ్రీనివాస్ గారూ, అంతర్యుద్ధంలో మీ న్యాయస్థానాలు ఏమయ్యాయి? వాటిని పెట్టినవాళ్లే రెండు పక్షాలైనప్పుడు అవి ఎవరి మాట విన్నాయి?

శ్రీనివాస్_రాజమండ్రి:

అడగవలసిన ప్రశ్న. 1922 జూలైలో ఫోర్ కోర్ట్స్ పోరులో పట్టుబడి మౌంట్‌జాయ్ జైలులో ఉన్న జార్జి ప్లంకెట్‌ను న్యాయస్థానం ముందు హాజరుపరచాలని అతని తండ్రి కౌంట్ ప్లంకెట్ డాల్ సుప్రీంకోర్టును ఆశ్రయించాడు. రవికిరణ్ గారు చెప్పిన జోసెఫ్ ప్లంకెట్ ఆయన మరో కొడుకు. న్యాయమూర్తి డెర్మట్ క్రౌలీ ఆ విన్నపాన్ని మన్నించి ప్రభుత్వానికి ఉత్తర్వు ఇచ్చాడు. ప్రభుత్వం జవాబుగా ఆ న్యాయస్థానాల అధికారాన్నే రద్దు చేసింది, క్రౌలీని అరెస్టు చేసింది. బ్రిటిష్‌వాళ్ల నుంచి సంక్రమించిన పాత కోర్టులు 1924 చట్టం వచ్చేదాకా కొనసాగాయి. డాల్ న్యాయస్థానాల్లో నిలిచిపోయిన వేలాది వ్యాజ్యాలను పరిష్కరించడానికి 1923లో వేరే చట్టం చేసి కమిషన్ వేయవలసి వచ్చింది. ప్రజలు ఇష్టపూర్వకంగా నడిచి వచ్చిన న్యాయస్థానాలను సొంత ప్రభుత్వమే మూసేయడం నాకు ఆ కాలపు విషాదాలన్నిటిలోనూ పెద్దదిగా తోస్తుంది.

వేణు_ఖమ్మం:

శ్రీనివాస్ గారూ, క్రౌలీ ఉత్తర్వును అమలు చేయగల బలగం ఆయన వెనుక లేదు కాబట్టే అలా జరిగింది. నా మొదటి మాట మీద నేను నిలబడతాను.

లలిత_గుంటూరు:

వేణు గారి మాటకు 1922లో బలం ఉంది. ఆ తరువాతి పదహారేళ్లు మాత్రం మరో దారిలో నడిచాయి. ఒప్పందాన్ని వ్యతిరేకించిన పక్షానికి నాయకుడై, 1932లో ఎన్నికల ద్వారా అధికారంలోకి వచ్చిన డి వలేరా, రైతులు భూముల కొనుగోలు అప్పు కింద బ్రిటన్‌కు ఏటా కట్టే వాయిదాలను నిలిపేశాడు. 1933లో విధేయతా ప్రమాణాన్ని తొలగించాడు. బ్రిటన్ ఐరిష్ పశువుల మీద సుంకాలు వేసింది. ధర లేక లేగదూడలను వధించుకోవలసి వచ్చినంతగా రైతు చితికిపోయాడు, ఆ బాధను డి వలేరా అభిమానులు తక్కువ చేసి చెప్పకూడదు. 1937లో కొత్త రాజ్యాంగం వచ్చింది. మన రాజ్యాంగ నిర్మాతలు ఆదేశిక సూత్రాల ఆలోచన తీసుకున్నది అందులోంచే. 1938లో ఒక్కసారిగా కోటి పౌండ్లు చెల్లించే ఒడంబడికతో వాయిదాల గొడవ ముగిసింది. ఒప్పందం ప్రకారం బ్రిటిష్ నౌకాదళం చేతిలో ఉండిపోయిన కోవ్, బియర్‌హేవన్, లాఖ్ స్విల్లీ రేవులు కూడా అప్పుడే ఐర్లండ్‌కు తిరిగి వచ్చాయి. ఒక్క తూటా పేలలేదు. ఆ రేవులు చేతికి రాకపోయి ఉంటే, మరుసటి ఏడాది మొదలైన ప్రపంచయుద్ధంలో ఐర్లండ్ తటస్థంగా నిలబడడం సాధ్యమయ్యేది కాదు.